మెట్లెక్కి వచ్చిన అభ్యర్థి

ఉదయం ఆరు కావస్తోంది. చిట్టినగర్‌లో ఆటో దిగి తలెత్తితే ఎదురుగా కొండ. అడుగు నుంచి కొస దాకా ఇళ్లే. గోడకి ఆనుకుని గోడ, డాబా అంచున ఇంకో ఇంటి గడప, వాటి మధ్యన ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదిగి నిలబడాల్సిన వెడల్పున సిమెంటు మెట్లు. ఆటో ఇక్కడితో సరి. ఇక కాళ్లే దిక్కు.

2021 మార్చి మొదటి వారం. పదో తేదీన విజయవాడ నగరపాలక సంస్థకు పోలింగు. ఏడాది కిందట నామినేషన్లు పడ్డాక కరోనా వల్ల ఆగిపోయి, ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలైన ఎన్నికలివి. 2014లో గెలిచిన పాలకవర్గం గడువు 2019లోనే అయిపోయింది. అప్పట్నుంచీ నగరానికి మేయరు లేరు, డివిజన్లకు కార్పొరేటర్లు లేరు, ప్రత్యేకాధికారి పాలనే. ఇప్పుడు 64 డివిజన్లకూ ఒకేసారి ఎన్నుకోవాలి. సగం సీట్లు ఆడవాళ్లవి.

మొదటి మెట్టు దగ్గర మన కోసం ఆగి ఉన్నారు ఈ కొండ డివిజన్ అభ్యర్థి. నలభై లోపు మనిషి. ఈ కొండ మీదే పుట్టి, ఈ కొండ మీదే కాపురం చేసుకుంటూ, ఇంట్లో మిషను కుడుతూ, పొదుపు సంఘం లీడరుగా బ్యాంకుల చుట్టూ తిరిగిన మనిషి. నేత చీర, రబ్బరు చెప్పులు, మాస్కు, మెడలో పార్టీ కండువా. అది ఏ పార్టీదో ఇక్కడ చెప్పడం లేదు, ఆవిడ పేరూ రాయడం లేదు. ఆవిడ మాట్లాడేవి ఏ పార్టీ అభ్యర్థి అయినా మాట్లాడి తీరవలసిన సంగతులు.

చేతిలో పొడుగాటి నోటుపుస్తకం. పేజీని నిలువునా మూడు గళ్లు చేశారు. మొదటి గడి మీద ‘డివిజన్’, రెండో దాని మీద ‘కార్పొరేషన్’, మూడో దాని మీద ‘గవర్నమెంటు’ అని రాసుంది.

“అడిగినవన్నీ చేస్తానంటే అబద్ధమేనండీ. ఏది ఎవరి చేతిలో ఉందో ముందు నాకు తెలియాలి. తర్వాత జనానికి తెలియాలి” అంటూ చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపి మెట్లెక్కడం మొదలుపెట్టారు.

మొదటి మలుపు తిరగ్గానే బిందెల చప్పుడు. నీళ్లొచ్చే వేళ. కృష్ణ నీళ్లు విద్యాధరపురం హెడ్ వాటర్ వర్క్స్‌లో శుద్ధి అయ్యాక బల్లపరుపు పేటలకు తేలిగ్గానే చేరతాయి. ఈ కొండకు మాత్రం మోటార్లు పెట్టి ట్యాంకులకు ఎక్కించాలి. కింది వరసల్లో ధారగా పడే కుళాయి, పై వరసలకు వెళ్లేసరికి దారమంత సన్నబడుతుంది. ఆ కాసేపట్లోనే ఇంటిల్లిపాదికీ సరిపడా పట్టుకోవాలి. అందుకే తెల్లవారకముందే వరస కట్టిన బిందెలు.

“ఓట్లప్పుడు అందరూ ఎక్కొస్తారమ్మా. గెలిచాక మేమే దిగి రావాలి” అంది వరస చివర నిలబడ్డ పెద్దావిడ.

“నేనెక్కడికి పోతాను పిన్నీ, మీ పై వరసలోనే గదా నా ఇల్లు. నా బిందె కూడా ఇక్కడే ఉంది చూడు.”

నిజంగానే ఉంది. ఆవిడ కూతురు వరసలో నిలబడి ఉంది.

అభ్యర్థి మాటలాపి మెట్ల పక్కన కాలువ దగ్గర గొంతుక్కూర్చున్నారు. మనమూ వంగి చూస్తే తప్ప కనపడదు. జానెడు వెడల్పు కాలువలో ఇళ్ల మురుగు పారుతోంది. ఆ మురుగులోనే, దాని వెంబడే, ఇళ్లకు పోయే మంచినీళ్ల పైపులు. నల్లవి, తెల్లవి, పాచి పట్టి ఏ రంగో తెలియనివి. ఒక పైపు అతుకు దగ్గర సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పురికొసతో బిగించారు. ట్యూబు అంచు నుంచి సన్నగా నీళ్లు చిమ్ముతున్నాయి. ఆవిడ వేలు అడ్డం పెట్టారు. చిమ్మడం ఆగింది. వేలు తీశారు. మళ్లీ చిమ్మింది.

“మోటారు నడిచినంతసేపూ నీళ్లు ఇలా బయటికొస్తాయి. మోటారు ఆపేశాక పైన పైపు ఖాళీ అయిపోతుంది. అప్పుడు ఈ కన్నంలోంచే మురుగు లోపలికి పోతుంది. రేపు పొద్దున మనం పట్టే మొదటి బిందె అదే.”

“అందుకే మొదటి బిందె పారబోస్తాంగా అక్కా” అంది పక్కనున్న అమ్మాయి.

“పారబోసినంత మాత్రాన రోగం పోదమ్మా. పైపు కాలువలోంచి పైకి రావాలి. గోడకి క్లాంపులు కొట్టి దాని మీద నడిపించాలి.”

నోటుపుస్తకం తెరిచారు. పగిలిన అతుకులు మార్పించడం మొదటి గడిలోకి వెళ్లింది. కార్పొరేటరు ఇంజినీరు వెంటపడి చేయించగలిగిన పని అది. లైను మొత్తం కాలువలోంచి తీసి కొత్తది వేయడం రెండో గడిలోకి వెళ్లింది. దానికి అంచనాలు తయారవ్వాలి, డబ్బు కేటాయించాలి, కౌన్సిల్లో ఆమోదం కావాలి. “నెలలో అయిపోతుందని చెప్పను. కానీ అంచనా వేయించడం మాత్రం నెలలో అవ్వాలి” అన్నారు లేస్తూ. పెద్దావిడ ఏమీ అనలేదు. బిందె ముందుకు జరిపి, అభ్యర్థి కూతురికి తన ముందు చోటిచ్చింది.

ఇంకా పైకి. ఎదురుగా గ్యాస్ బండ భుజాన వేసుకుని ఒకతను ఎక్కుతున్నాడు. గోడకి ఒదిగి దారిచ్చాం. ఇంటి మెట్టు ఎంత పైనుంటే బండ మోసిన కూలి అంత పెరుగుతుంది. ఇల్లు కట్టుకుంటే ఇసుకకీ ఇటుకకీ అంతే. నెలలు నిండిన ఆడమనిషిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కిందికి మోస్తారు. శవాన్నీ అలాగే దించుతారు. కొండ మీద చవగ్గా బతకొచ్చని అందరూ అనుకుంటారు గానీ, ఇక్కడ పేదవాడు ప్రతిదానికీ మోత కూలి కలిపి కడతాడు.

రెండో మలుపులో పారిశుధ్య కార్మికురాలు గోనెసంచి లాక్కుంటూ దిగుతోంది. తోపుడుబండి ఈ మెట్ల మీద నడవదు. ఇంటింటి చెత్తా సంచికెత్తి, నిండాక కిందికి మోసుకెళ్లి పోసి, మళ్లీ పైకి రావాలి.

“పై వరసలకు వెళ్లేసరికి పొద్దెక్కిపోతోందక్కా. అప్పటికి పనులకు పోయేవాళ్లు కవర్లో కట్టి కిందికి విసిరేస్తున్నారు. వాళ్లనేమంటాం?”

ఇళ్ల వెనక వాలులో ఆ కవర్లు కనపడుతూనే ఉన్నాయి. తొలకరి వానకి అవన్నీ కాలువలో పడతాయి.

“ఇళ్లు లెక్కేసి మనిషిని వేస్తే సరిపోదు. మెట్లు లెక్కేసి వెయ్యాలి” అన్నారు అభ్యర్థి. ఆ మాట అలాగే రెండో గడిలో రాసుకున్నారు. కింద బల్లపరుపు వీధిలో ఒక మనిషి చెత్త తీసినన్ని ఇళ్లకి కొండ మీద ఇద్దరైనా చాలరు. అయినా కొండ డివిజన్‌కి మనుషుల్ని కేటాయించేటప్పుడు ఆ తేడా కాగితం మీదికి రావాలంటే, కౌన్సిల్లో లేచి అడిగే మనిషి ఒకరుండాలి.

చిన్న బడ్డీకొట్టు దగ్గర కాసేపు ఆగాం. టీ తాగుతున్న కుర్రాడొకడు సూటిగానే అడిగాడు: “పింఛనుకి వాలంటీరున్నాడు. సర్టిఫికెట్లకి వార్డు సచివాలయం ఉంది. ఇంక కార్పొరేటరెందుకు మేడమ్?”

ఈ ఎన్నికల్లో చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే అది. 2019లో వాలంటీర్లు, వార్డు సచివాలయాలు వచ్చాక అప్పట్లో ఒకటో తారీఖున పింఛను గుమ్మంలోకే వచ్చేది. ఆ సుఖాన్ని ఎవరూ కాదనరు. ఆవిడా కాదనలేదు.

“వాలంటీరు ఇంటికొస్తాడు, మంచిదే తమ్ముడూ. అతను తెచ్చేది పైన ఎక్కడో ముందే ఖాయమైన పథకం. ఈ మెట్లకి రెయిలింగ్ కావాలా, ఆ సందులో లైటు కావాలా అన్నది ఖాయం చేసేదెవరు? సచివాలయంలో సెక్రటరీలు ఉద్యోగస్తులు. వాళ్లు పై అధికారికి జవాబు చెప్పుకోవాలి. మనకి జవాబు చెప్పాల్సిన మనిషి ఒకరుండాలి కదా. నచ్చకపోతే ఐదేళ్లకి తీసెయ్యగలిగే మనిషి.”

కుర్రాడు ఒప్పుకున్నాడో లేదో తెలియదు. టీ గ్లాసు పెట్టేసి, “అయితే ఆ లైటు సంగతి రాసుకోండి” అన్నాడు. రాసుకున్నారు. మొదటి గడిలోకి.

కొండ కొసకి చేరాం. ఒక్కసారిగా గాలి. కింద బెజవాడ మొత్తం పరుచుకుని ఉంది. దక్షిణాన కృష్ణ, దాని మీద ప్రకాశం బ్యారేజీ. బ్యారేజీ దగ్గర మొదలై ఊరి మధ్యలోంచి పోయే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు. ఉత్తరాన రైలు పట్టాలు దాటాక బల్లపరుపుగా సింగ్‌నగర్. దానికవతల బుడమేరు. 2011 లెక్కలకే 10 లక్షలు దాటిన జనం.

అభ్యర్థి ఊరిని చూడటం లేదు. వెనక్కి తిరిగి ఒక గోడని చూస్తున్నారు. మట్టి జారకుండా కట్టిన రిటైనింగ్ గోడ. మధ్యలో పైనుంచి కిందికి చీలిక. ఆవిడ చీలికలో చెయ్యి పెడితే వేళ్లు రెండు కణుపుల దాకా దిగాయి. గోడ అడుగున ఎక్కడా నీళ్లు పోయే రంధ్రాలు లేవు. గోడ కింద మూడిళ్లు. ఒక గుమ్మంలో పసివాడు పాకుతున్నాడు.

బెజవాడ కొండలు చూడ్డానికి గట్టివే గానీ, వాటిలోని ఖొండలైటు రాయి ఎండకీ వానకీ లోపల మెత్తబడి మట్టిగా మారుతుంది. ఇళ్ల కోసం కొండ పాదాన్ని తొలిచాం. పైనున్న ఇళ్ల వాడకం నీళ్లు రోజూ ఆ మట్టిలోకే ఇంకుతున్నాయి. గోడ వెనక చేరిన నీటికి దారి లేకపోతే, ఆ బరువంతా గోడ మీద పడుతుంది. ముసురు పట్టిన వారంలో ఆ గోడ వెనక ఏం జరుగుతుందో కింద పడుకున్నవాళ్లకి తెలిసే అవకాశం లేదు.

“కౌన్సిల్ మీటింగుల్లో రోడ్ల వెడల్పు గురించి మాట్లాడతారు, పార్కుల గురించి మాట్లాడతారు. అవీ కావాలి. నేను గెలిస్తే మొదటి మీటింగులో అడిగేది ఒకటే. కొండల మీద ఎన్ని గోడలున్నాయి, ఏవి పగిలాయి, ఏ బండ కింద ఎవరున్నారు, వానాకాలం లోపల లెక్క తీయమంటాను. నా ఒక్క డివిజన్‌దే కాదు. ఇవతల కొత్తపేట, విద్యాధరపురం, అటు మొగల్రాజపురం, గుణదల. అన్ని కొండలదీ.”

ఆ మూడిళ్లలో ఒకతను బయటికొచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు. “గోడ సరే అమ్మా. పట్టా ఇప్పిస్తారా?”

ఆవిడ జవాబు చెప్పడానికి కొంచెం టైము తీసుకున్నారు. “ఇప్పిస్తానని చెప్పలేనన్నా. ఇది కొండ పోరంబోకు. రెవెన్యూ వాళ్లు కదలాలి, గవర్నమెంటు జీవో ఇవ్వాలి. కార్పొరేటరు చేతిలో ఉండదు. అర్జీ పెట్టిస్తాను, కౌన్సిల్లో తీర్మానం అడుగుతాను, మీతో కలెక్టరాఫీసుకి వస్తాను. అంతవరకే నా మాట.”

“ఇంకొకాయన నిన్న ఆరు నెలల్లో ఇప్పిస్తానన్నాడు.”

“ఎలాగో ఆయన్నే అడుగన్నా.”

మూడో గడిలో రాసుకున్నారు. ఆ ఇంటి ఓటు పోయినట్టేనని ఆవిడ వెంట వచ్చిన కార్యకర్త మొహంలో తెలిసిపోతోంది. ఆవిడ మాత్రం పక్కింటికి నడిచారు. చెయ్యలేనిదాన్ని చెయ్యలేనని అభ్యర్థి నోటి వెంట మనం ఎన్నిసార్లు విని ఉంటాం? ఈ పొద్దున మనం చూసినవాటిలో అన్నిటికన్నా విలువైనది అదే.

పదిన్నరకి కిందికి దిగాం. ఎండ మెట్ల మీదికి ఎక్కింది. వన్‌టౌన్ వీధిలో షాపులు తెరుచుకుంటున్నాయి. ఒక షాపు ముందు కాలువ మీద పలకలు ఎత్తి పూడిక తీస్తున్నారు. పైకి తీసి పోసిన గుట్టలో ఎర్రమట్టి, గులకరాళ్లు, ప్లాస్టిక్ కవర్లు. పొద్దున కొండ వాలులో చూసిన కవర్లే. ఎర్రమట్టీ ఆ కొండదే.

షాపాయన నడుం మీద చేతులేసుకుని చూస్తున్నాడు. “వానొస్తే కొండ మీది చెత్తంతా నా షాపులోకే. కొండవాళ్లకి బుద్ధుండక్కర్లేదా?”

“చెత్త పడేసేవాళ్లకి నేను పొద్దున చెప్పే దిగాను బాబాయ్. మీకూ ఒకటి చెప్తాను. పైన చెత్తెత్తే మనిషిని ఇంకొకర్ని వేస్తే మీ షాపులోకి నీళ్లు రావు. అక్కడ గోడ బాగుంటే మీ కాలువలోకి ఈ మట్టి రాదు. కొండకి పెట్టే రూపాయి మీకు పెట్టినట్టే.”

వాన నీటి కాలువల కోసం కేంద్రం 461 కోట్లు మంజూరు చేసిన నగరమిది. ఆ పనులు చాలాచోట్ల మధ్యలోనే ఆగాయి. కట్టిన కాలువలు కూడా పై నుంచి మట్టి దిగుతూ ఉంటే ఎన్నాళ్లు నిలుస్తాయి? ఇక్కడ పూడితే వీధి మునుగుతుంది. ఇక్కడ పూడకుండా ముందుకు పోతే ఆ చెత్త కృష్ణ కాలువల్లో తేలుతుంది. బందరు దాకా, ఏలూరు దాకా పొలాలకు వెళ్లే నీళ్లవి. కొండ మీద ఒక ఇంటి వెనక పడ్డ కవరు అన్ని ఊళ్లు తిరుగుతుంది.

షాపాయనకి ఇంకో బాధ ఉంది. ఇంటి పన్ను. 2020లో వచ్చిన చట్ట సవరణతో అద్దె విలువ మీద వేసే ఆస్తి పన్ను, ఆస్తి మూలధన విలువ మీద వేసే పద్ధతికి మారుతోంది. ఈ ఎన్నికల్లో అన్ని డివిజన్లలోనూ అదే చర్చ. “మీరొస్తే తీసేస్తారా?”

“చట్టం రాష్ట్రానిది బాబాయ్, కౌన్సిల్ తీసెయ్యలేదు. లెక్క ఎలా వేశారో, ఏ ఇంటికి ఎంత పెరుగుతుందో ముందుగా డివిజన్‌లో బోర్డు మీద పెట్టమని అడుగుతాను. అభ్యంతరాలు రాసిచ్చే గడువులో ఇదే వీధిలో కూర్చుని అందరి చేతా రాయిస్తాను. ఇంకోటి, పన్ను అసలొద్దని మాత్రం నేననను. వసూలైన పన్నుకి మన వీధిలో ఏం వచ్చిందో లెక్క చెప్పాలంటాను.”

మూడో గడిలో ఒక గీత. రెండో గడిలో ఒక గీత.

సాయంత్రం ఏడింటికి పాల ఫ్యాక్టరీ దగ్గర చిన్న సభ. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మైకు, దోమలు. ముందు వరసలో ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో పిల్లలు. ఆవిడ మైకు పట్టుకుని నోటుపుస్తకం తెరిచారు. పొద్దుట్నుంచీ రాసుకున్నవి గడి గడీ చదివారు. ఏవి ఏడాదిలో అవుతాయి, ఏవి ఐదేళ్లు పడతాయి, ఏవి తన చేతిలో లేవు.

తర్వాత అన్నారు: “మా డివిజన్ బాగుపడితే చాలు అనేవాళ్లు కార్పొరేటరుగా పనికిరారండీ. కొండ నీళ్లు వన్‌టౌన్‌కి పోతాయి. వన్‌టౌన్ మురుగు కాలువల్లోకి పోతుంది. బుడమేరు పొంగితే సింగ్‌నగర్ మునుగుతుంది, వాళ్లు తలదాచుకోవడానికి మన స్కూళ్లకే వస్తారు. అరవై నాలుగు మందిమీ ఒక్క గదిలో కూర్చునేది ఎందుకు? ఎవరి వీధికి వాళ్లు పంచుకుపోవడానికి కాదు. ఊరికి ముందు ఏది అవసరమో తేల్చడానికి.”

చప్పట్లు పెద్దగా పడలేదు. ఈ మాటలకి ఈల వేసేవాళ్లుండరు. కానీ సభ అయ్యాక ఐదారుగురు ఆవిడ చుట్టూ చేరి నోటుపుస్తకంలో తమ సందు పేరుందో లేదో వేలు పెట్టి వెతుక్కున్నారు.

ఆవిడ అన్నది రాజ్యాంగం అన్నదే. 1992లో వచ్చిన 74వ సవరణ పట్టణ పాలనను ఎన్నికైన కౌన్సిళ్ల చేతిలో పెట్టాలంది. నీళ్లు, పారిశుధ్యం, వీధులు, మురికివాడల అభివృద్ధి, పట్టణ ప్రణాళిక సహా 18 అంశాల జాబితా ఇచ్చింది. 3 లక్షల జనాభా దాటిన ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలంది. ఆ అధికారాలన్నీ కౌన్సిళ్లకి పూర్తిగా ఇచ్చిన ప్రభుత్వం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేదు. ఇవ్వమని గట్టిగా అడిగిన ఓటర్లమూ మనం కాదు. ఏళ్ల తరబడి ఎన్నికలు పెట్టకుండా ప్రత్యేకాధికారులతో నడిపించినా ఊరుకున్నాం.

పదిన పోలింగు జరిగింది, 14న ఓట్లు లెక్కించారు. కొత్త పాలకవర్గం వచ్చింది. ఆ కొండ డివిజన్‌లో ఎవరు గెలిచారన్నదాని కన్నా, ఆ గోడల లెక్క ఎవరైనా తీశారా అన్నదే అడగాల్సిన ప్రశ్న. ఎందుకంటే 2024 ఆగస్టు 31న కుండపోత వానలో మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. ఆ మర్నాటికి బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. కొండా, పల్లమూ ఒకే వానకి, రెండు రోజుల్లో. వార్డు సమస్య వేరు, నగర సమస్య వేరు అనుకునేవాళ్లకి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

మీ గుమ్మంలోకి ఈసారి వచ్చే వార్డు అభ్యర్థిని కండువా రంగు చూసి పంపేయకండి. మూడే మూడు ప్రశ్నలడగండి. మా వీధిలో మీ చేతిలో ఉన్న పనులేవి? కౌన్సిల్లో కొట్లాడి తేవాల్సినవేవి? మీ వల్ల కానివేవి? మూడో ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన మనిషికే ఓటెయ్యండి.